దవడ సర్జరీ తర్వాత ముఖం కంప్యూటర్‌లో చూపించినట్టే వస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 24. కింది దవడ ముందుకు ఉంది, పై దవడ కాస్త లోపలికి ఉంది. ఏడాదికి పైగా క్లిప్పులు వేసుకున్నారు. ఇప్పుడు రెండు దవడలకూ సర్జరీ అన్నారు, పైది 4 మిల్లీమీటర్లు ముందుకు, కిందిది 5 మిల్లీమీటర్లు వెనక్కి. డాక్టరుగారు మీ పక్క ఫోటోని కంప్యూటర్‌లో మార్చి "తర్వాత ఇలా ఉంటారు" అని చూపించారు. ఆ బొమ్మని ఎంతవరకు నమ్మాలి, ముక్కు వెడల్పు అవుతుందంటున్నారు నిజమేనా, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు కాబట్టి ముఖం ఎప్పటికి కుదురుకుంటుంది అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. గడ్డం దగ్గర ఆ బొమ్మని బాగా నమ్మొచ్చు. పెదవుల దగ్గర సగమే నమ్మండి. ముక్కు వెడల్పు గురించి ఆ బొమ్మకి ఏమీ తెలియదు, ఎందుకంటే అది పక్క నుంచి తీసింది. ముఖం కుదురుకోవడానికి కనీసం 6 నెలలు, పూర్తిగా అంటే ఏడాది.

నేను ఆర్థోడాంటిస్టుని. సర్జరీకి ముందు పళ్ళు సర్దడం, ఎక్స్‌రే మీద కొలతలు తీయడం, ఈ అంచనా బొమ్మ గీయడం, సర్జరీ అయిన ఏడాదికి మళ్ళీ ఎక్స్‌రే తీసి పాత బొమ్మ పక్కన పెట్టి చూడటం చాలా ఏళ్ళుగా నా పని. కాబట్టి బొమ్మ ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ తేలిపోతుందో దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను.

విషయం ఏమిటంటే, సర్జన్ కదిలించేది ఎముకని. ఎముక విషయంలో పని చాలా కచ్చితంగా జరుగుతుంది. పళ్ళ మధ్య పెట్టే స్ప్లింట్ ముందే తయారవుతుంది, దవడని దానికి సరిపెట్టి టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. అనుకున్న చోటికీ ఎముక కూర్చున్న చోటికీ తేడా మామూలుగా 1, 2 మిల్లీమీటర్లు దాటదు. కానీ అద్దంలో మీకు కనబడేది ఎముక కాదు, దాని మీదున్న కండ, కొవ్వు, చర్మం. అవి ఎముక వెంట ఒక్కో చోట ఒక్కో మేరకు వెళ్తాయి.

మీ అంకెలతోనే లెక్క వేసి చూపిస్తాను.

కింది దవడ 5 మిల్లీమీటర్లు వెనక్కి పోతే గడ్డం మీది చర్మం కూడా దాదాపు అంతే పోతుంది, నాలుగున్నర నుంచి 5. గడ్డం దగ్గర చర్మం ఎముకకి గట్టిగా అంటుకుని ఉంటుంది కాబట్టి అక్కడ లెక్క తప్పదు. కింది పెదవి మాత్రం అంత పోదు. అది ఎముక కదలికలో 60 నుంచి 80 శాతం కదులుతుంది, అంటే మీకు 3 నుంచి 4 మిల్లీమీటర్లు. పై దవడ 4 మిల్లీమీటర్లు ముందుకొస్తే పై పెదవి 2 నుంచి 3 ముందుకొస్తుంది. సర్జన్ లోపలి కోతని ఎలా కుట్టారన్న దాన్ని బట్టి ఇంకాస్త ఎక్కువా రావచ్చు. ముక్కు కొన కూడా కొద్దిగా పైకి లేస్తుంది.

ఇప్పుడు కలిపి చూడండి. ఎముకల మధ్య మార్పు 9 మిల్లీమీటర్లు. పెదవుల మధ్య కనబడే మార్పు 5 నుంచి 7. మీకు చూపించిన బొమ్మలో సాఫ్ట్‌వేర్ ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో ఒక సగటు పట్టుకుని పెదవిని ఒకే చోట పెట్టేసింది. సగటు మనిషి పెదవి మీకు ఉండాలని లేదు కదా. అందుకే నేను పేషెంటుకి ఒక బొమ్మ ఇవ్వను, రెండు ఇస్తాను: పెదవి తక్కువ కదిలితే ఎలా ఉంటుందో ఒకటి, ఎక్కువ కదిలితే ఎలా ఉంటుందో ఒకటి. "ఈ రెంటి మధ్యలో ఎక్కడైనా రావచ్చు. ఈ రెండూ మీకు సమ్మతమేనా?" అని అడుగుతాను. రెండింటిలో ఒకటి చూసి ముఖం చిట్లిస్తే, ఆపరేషన్ థియేటర్ దాకా పోకముందే కూర్చుని మాట్లాడుకోవాల్సింది ఉందన్నమాట. మీ డాక్టరుగారిని కూడా అలా రెండు బొమ్మలు అడగండి. డాల్ఫిన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ శాతాలు మార్చుకునే వీలుంది, పెద్ద పనేమీ కాదు.

పెదవి ఎందుకింత మొండిది? మూడు కారణాలు నాకు పదే పదే ఎదురవుతుంటాయి.

మొదటిది మందం. పలచటి పెదవి ఎముకనీ పంటినీ అంటిపెట్టుకుని ఉంటుంది, అవి కదిలితే తానూ కదులుతుంది. మందపాటి పెదవి లోపలి మార్పుని తనలోనే మింగేస్తుంది. మనవాళ్ళలో నిండు పెదవులు ఎక్కువ, కాబట్టి పుస్తకాల్లోని శాతాల్లో కింది అంచు వైపు ఉండేవాళ్ళు కూడా ఎక్కువగానే కనబడతారు.

రెండోది, పెదవికీ పంటికీ మధ్య ఖాళీ. మీలాగా పై దవడ లోపలికి ఉన్నవాళ్ళలో కొందరికి పై పెదవి వెనక కొద్దిగా ఖాళీ ఉంటుంది. దవడ ముందుకొచ్చినప్పుడు మొదటి మిల్లీమీటరో రెండో ఆ ఖాళీ నిండటానికే సరిపోతుంది, పెదవి కదలదు. ఎక్స్‌రేలో పెదవి లోపలి గీతని జాగ్రత్తగా చూస్తే ఇది ముందే తెలుస్తుంది.

మూడోది అలవాటు. ఏళ్ళ తరబడి పెదవులు మూయడానికి గడ్డం కండరాన్ని బిగించే అలవాటు పడినవాళ్ళు ఎక్స్‌రే గదిలో కూడా అదే చేస్తారు. ఆ బిగించిన పెదవి మీద అంచనా వేస్తే మొదలే తప్పు. నేను ఎక్స్‌రే, ఫోటో తీసే ముందు పేషెంటుని "అమ్మా" అని నెమ్మదిగా అనమంటాను, అని అలాగే వదిలేయమంటాను. పెదవులు ఒకసారి కలిసి విడిపోయి ఎక్కడ ఆగుతాయో అదే వాటి అసలు చోటు. రెండు మూడుసార్లు అనిపిస్తే కానీ కండరం వదలదు. తల కూడా అంతే. గడ్డం రవ్వంత పైకెత్తి ఫోటో దిగితే కింది దవడ ఉన్నదానికన్నా ముందుకు కనబడుతుంది, దించితే లోపలికి పోయినట్టుంటుంది. ఎదురుగా గోడ మీద అద్దంలో తన కళ్ళల్లోకి తానే చూసుకోమంటే తల సహజంగా నిలబడుతుంది. మీ ఫోటో ఎలా తీశారో గుర్తు చేసుకోండి. పెదవులు బిగించి దిగిన ఫోటో అయితే మళ్ళీ తీయమని అడగడంలో తప్పేమీ లేదు.

ఈ బొమ్మ ఎలా తయారవుతుందో తెలిస్తే దాని బలం, బలహీనత మీకే అర్థమవుతాయి. తలని కదలకుండా పట్టి, ఒక స్థిరమైన దూరం నుంచి పక్కగా ఎక్స్‌రే తీసే పద్ధతి 1931లో వచ్చింది, అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్‌రాత్ ఒకే ఏడాది ఎవరికి వారు ప్రచురించారు. దాన్నే మేం సెఫలోగ్రామ్ అంటాం, వాడుకలో సెఫ్. మేం చదువుకున్నప్పుడు దాని మీద పలచటి అసిటేట్ కాగితం పరిచి, కింద లైటు పెట్టి, సన్న పెన్సిలుతో నుదురు నుంచి గొంతు దాకా చర్మం గీత, లోపల దవడలు, పళ్ళు గీసేవాళ్ళం. తర్వాత కింది దవడని వేరే కాగితం మీద గీసి, అనుకున్నంత వెనక్కి జరిపి, పళ్ళు కలిసే చోట ఆపి, పెదవినీ గడ్డాన్నీ శాతాల ప్రకారం కొత్త చోట గీయాలి. సాఫ్ట్‌వేర్ చేసేది అదే పని, కాకపోతే గీత బదులు మీ ఫోటోనే సాగదీస్తుంది. సాగదీసినప్పుడు పెదవుల మూలల్లో చర్మం అతుకులేసినట్టు వస్తుంది. అప్పుడు చాలామంది మౌసుతో దాన్ని నునుపు చేస్తారు. నునుపు చేసే చెయ్యి తెలియకుండానే పెదవిని అందంగా చేసేస్తుంది. అందుకని "ఈ బొమ్మలో చేత్తో సరిదిద్దింది ఏమైనా ఉందా?" అని అడగండి. నిజాయితీగా చెప్పే డాక్టరుకి ఈ ప్రశ్న ఇబ్బంది పెట్టదు.

ఇంకో చిన్న సంగతి. ఈ ఎక్స్‌రేలో తల అసలు కన్నా కొంత పెద్దగా పడుతుంది. అందుకే పక్కన కొలబద్ద గుర్తు ఉంటుంది. దాన్ని బట్టి సరిచేయకుండా కొలిస్తే మిల్లీమీటర్లన్నీ కొద్దికొద్దిగా తేడా వస్తాయి. ఇప్పుడు సీటీ స్కాన్‌తో మూడు కొలతల్లో కూడా అంచనా వేస్తున్నారు. ఎముకల ప్రణాళికకి, ముఖ్యంగా ముఖం ఒక పక్కకి వంకరగా ఉన్నవాళ్ళకి అది చాలా మేలు. కానీ చర్మం అంచనాలో, అక్కడ కూడా ఎక్కువ తేడా వచ్చేది పెదవుల దగ్గరే. మా రంగంలో అంచనాకీ ఫలితానికీ 2 మిల్లీమీటర్ల లోపు తేడా ఉంటే సరిపోయిందనుకుంటాం. 2 మిల్లీమీటర్లంటే నుదుటి మీద ఎవరికీ తెలియదు, పెదవి మీద ఇంట్లోవాళ్ళందరికీ తెలుస్తుంది.

బొమ్మ ఏ ఎక్స్‌రే మీద గీశారో తప్పకుండా అడగండి. ఇది చాలామంది అడగరు. కింది దవడ ముందుకున్నవాళ్ళలో ప్రకృతి తనవంతు సర్దుబాటు చేసి పెడుతుంది: కింది పళ్ళు లోపలికి వాలతాయి, పై పళ్ళు బయటికి వాలతాయి. సర్జరీకి ముందు క్లిప్పులతో మేం చేసేది ఆ సర్దుబాటు విప్పేసి పళ్ళని వాటి ఎముక మీద నిటారుగా నిలబెట్టడం. అందుకే ఈ ఏడాదిలో మీ పక్క ముఖం మెరుగవడం కాదు, ఇంకా చెడినట్టు అనిపించి ఉంటుంది. చాలామంది ఆ దశలో అద్దం చూసుకుని బాధపడతారు, క్లిప్పులేమైనా తప్పుగా వేశారా అని ఫోన్ చేస్తారు. తప్పేమీ కాదు, దారే అది. కానీ క్లిప్పులకి ముందు గీసిన బొమ్మలో ఆ పళ్ళ కదలిక కూడా ఊహే. క్లిప్పుల పని అయ్యాక, సర్జరీకి కొద్ది వారాల ముందు తీసిన ఎక్స్‌రే మీద గీసిన బొమ్మనే లెక్కలోకి తీసుకోవాలి.

కింది పెదవి ఎంత మారగలదో చెప్పడానికి ఒక కేసు చెప్తాను. మీకు ఎదురు దిశది. ఆ అమ్మాయికి కింది దవడ చిన్నది, గడ్డం లోపలికి పోయింది. పై పళ్ళు కింది పెదవి మీద కూర్చునేవి, దాంతో పెదవి బయటికి మడతపడి, దాని కింద లోతుగా గాడి ఉండేది. దవడని 7 మిల్లీమీటర్లు ముందుకు తేవాలని ప్రణాళిక. శాతాల ప్రకారం కింది పెదవి దాదాపు 5 మిల్లీమీటర్లు ముందుకు రావాలి. ఏడాది తర్వాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తే గడ్డం అనుకున్న చోటే ఉంది, పెదవి మాత్రం 2 మిల్లీమీటర్లే ముందుకొచ్చింది. మిగతా మార్పంతా పైకి పోయింది: పంటి కింద నలిగిన పెదవి విప్పుకుని నిటారైంది, గాడి తేలికైంది, పెదవులు బిగించకుండానే మూతపడ్డాయి. అంకెల ప్రకారం అంచనా తేలిపోయింది, ముఖం మాత్రం బొమ్మ కన్నా బాగుంది. ఆమెకి సర్జరీకి ముందే రెండు బొమ్మలు చూపించి "కింది పెదవి గురించి మాట ఇవ్వలేను" అని చెప్పి ఉండటం వల్ల ఆమెకి ఆశ్చర్యం కలిగిందే తప్ప అనుమానం కలగలేదు.

మీ విషయంలో కూడా కింది పెదవి చివరికి ఆనేది పై పళ్ళ అంచు మీద. ఇంతవరకు కింది పళ్ళే ముందుండేవి కాబట్టి ఆ ఆసరా లేదు. అది కొత్తగా దొరుకుతుంది. పెదవి దాని మీద ఎలా కూర్చుంటుందో ఏ ఎక్స్‌రే ముందుగా చెప్పదు.

ఇక ముక్కు. మీరు విన్నది నిజమే. పై దవడ ముందుకొచ్చినా, పైకి పోయినా ముక్కు రెక్కల అడుగు భాగం వెడల్పవుతుంది. ఆ సర్జరీలో పెదవి లోపల కోసి, ముక్కు చుట్టూ ఎముకకి అంటుకున్న కండరాలని వదులు చేస్తారు. అవి తిరిగి అతుక్కునేటప్పుడు కాస్త బయటికి జారి అతుక్కుంటాయి. ఏ జాగ్రత్తా తీసుకోకపోతే 2, 3 మిల్లీమీటర్లు పెరగడం మామూలే. దీన్ని అదుపులో పెట్టడానికి రెక్కల అడుగున రెండు వైపుల కండనీ ఒకే దారంతో పట్టి మధ్యకి బిగించే కుట్టు ఒకటి ఉంది, మేం సించ్ కుట్టు అంటాం. ముక్కు రంధ్రాల అంచు ఎముకని, మధ్యలో ముల్లులా ఉండే ఎముకని కొంచెం అరగదీయడం కూడా చేస్తారు. ఇవి వెడల్పుని తగ్గిస్తాయి, పూర్తిగా ఆపుతాయని మాత్రం అనుకోకండి. మత్తు గొట్టం ముక్కులోంచే పోతుంది కాబట్టి ఆ కుట్టు బిగించే సమయానికి ముక్కు ఎలాగూ సాగి ఉంటుంది, ఎంత బిగించాలో సర్జన్ అనుభవం మీద ఆధారపడాల్సిందే.

మీ ముక్కు ఇప్పుడే వెడల్పుగా ఉందా, సన్నగా ఉందా అన్నది ముఖ్యం. సన్నటి ముక్కుకి 2 మిల్లీమీటర్లు కలిస్తే చాలామందికి నిండుగా, బాగానే ఉంటుంది. ముందే వెడల్పయితే సర్జరీకి ముందే ఈ మాట ఎత్తండి. ఎదురు నుంచి నా ముఖం ఎలా మారుతుంది అని ప్రత్యేకంగా అడగండి. పక్క బొమ్మ మీద అందరం ఎంతసేపు గడుపుతామో ఆలోచిస్తే నాకు బాధగానే ఉంటుంది. మనిషి తన ముఖాన్ని పొద్దున్నే అద్దంలో చూసుకునేది ఎదురు నుంచి. నవ్వినప్పుడు పై పళ్ళు ఎంత కనబడతాయి, పెదవి ఎంత పలచబడుతుంది, బుగ్గల దగ్గర ముఖం ఎంత నిండుతుంది, ఇవన్నీ ఎదురు నుంచి తెలిసేవి. మీలాంటివాళ్ళకి పై దవడ ముందుకొచ్చాక ముక్కు పక్కన బుగ్గలు నిండుతాయి. ముఖానికి వచ్చే కళలో సగం అక్కడి నుంచే వస్తుంది. పక్క గీతలో అది దాదాపు కనబడదు.

గొంతు విషయం కూడా చెప్పాలి. కింది దవడ వెనక్కి పోతే గడ్డం నుంచి గొంతు దాకా ఉండే గీత పొట్టిదవుతుంది, గడ్డం కింద కండ కాస్త గుమిగూడుతుంది. "రెండూ ఎందుకు, కిందిది ఒక్కటే 9 మిల్లీమీటర్లు వెనక్కి పెడితే పోదా, ఖర్చు తగ్గుతుంది" అని అడిగేవాళ్ళుంటారు. అలా చేస్తే గొంతు దగ్గర ఆ గుమిగూడటం ఎక్కువవుతుంది, నాలుక వెనక ఊపిరి దారి ఇరుకవుతుంది. పై దవడ ముందుకు, కింది దవడ వెనక్కి ఒకే ఆపరేషన్‌లో చేయడం గురించి జ్యూరిచ్‌లో పనిచేసిన సర్జన్ ఒబ్వెగేసర్ 1970లోనే రాశారు. ఈ రోజు మీకు చెప్పిన ప్రణాళిక ఆ కుదురులోదే. మీ అంకెలు చూస్తే సమంజసంగా ఉన్నాయనే నాకు అనిపిస్తోంది. కాకపోతే మనిషిని చూడకుండా ఇంతకన్నా చెప్పకూడదు.

ఎత్తు పళ్ళకి సర్జరీ అనుకుంటున్నవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి ఇంకో కేసు. ఒక కుర్రాడు, రెండు దవడల ముందు భాగం ముందుకొచ్చి, నిండు పెదవులు. పై దవడలో ముందు పళ్ళున్న ముక్కని మాత్రం విడదీసి వెనక్కి పెట్టే సర్జరీ మన దగ్గర ఎక్కువగానే చేస్తారు, రెండు వైపులా ఒక్కో పన్ను తీసి ఆ చోటు వాడుకుంటారు. ఆ అబ్బాయి ఇంటర్నెట్‌లో ముక్కు కొన నుంచి గడ్డం దాకా గీసిన ఒక గీత చూశాడు, రికెట్స్ అనే అమెరికన్ ఆర్థోడాంటిస్టు చెప్పిన గీత. పెదవులు దాని వెనక ఉండాలని చదివి, ఒక నటుడి పక్క ఫోటో పట్టుకొచ్చాడు. ఆ గీత మొదట తెల్ల అమెరికన్ల ముఖాలు చూసి పెట్టింది. మన ముఖాల్లో పెదవులు దానికి ఆనినా, కొద్దిగా దాటినా చక్కగానే ఉంటాయి. దక్షిణ భారతీయుల ముఖాలకి విడిగా కొలతలు తీసిన పరిశోధనలు ఉన్నాయి, వాటిలో పెదవులు నిండుగానే తేలాయి. 5 మిల్లీమీటర్లు వెనక్కి పెడితే, అంత మందం పెదవి అందులో సగం కదలడమే ఎక్కువని చెప్పాను, రెండు బొమ్మలూ చూపించాను. ఆ గీత కోసమని ఇంకా వెనక్కి నెడితే పై పెదవి ఆసరా పోయి వాలిపోతుంది, ముప్పై ఏళ్ళు రాకుండానే ముఖం ముసలిదవుతుంది. రెండు వారాలు ఆలోచించుకుని వచ్చి, తక్కువ కదిలే బొమ్మే తనకి నచ్చిందని చెప్పి ఒప్పుకున్నాడు. ఫలితం కూడా దాదాపు దాని మీదే వచ్చింది.

చిగుళ్ళు ఎక్కువ కనబడుతున్నాయని పై దవడ పైకి పెట్టించుకునేవాళ్ళకి ఒక్క మాట: పెదవి కూడా కొంత పైకి పోతుంది, కింది దవడ దానంతటదే తిరిగి గడ్డం కొంచెం ముందుకొస్తుంది. పెదవులు వదిలేసినప్పుడు పై పళ్ళు 2 నుంచి 4 మిల్లీమీటర్లు కనబడటం వయసులో ఉన్నవాళ్ళకి అందం. అదీ దాచేసేంత పైకి పెట్టమని మాత్రం అడగకండి.

ఇక మీ మూడో ప్రశ్న. వాపు రెండు మూడు రోజులకి గరిష్టంగా ఉంటుంది. మూడు నాలుగు వారాలకి చాలామటుకు దిగుతుంది. ఆ తర్వాత మిగిలేది మొండి వాపు, అది నెలల మీద నెమ్మదిగా పోతుంది. మొదటి వారాల్లో నమలడానికి వీల్లేదు. రాగి జావ, పప్పుకట్టు, మజ్జిగ, పండ్ల రసాలతో గడపాలి, బరువు తగ్గుతారు. రెండో నెలలో బుగ్గలు లోపలికి పోయి కనబడితే అదే మీ కొత్త ముఖం అనుకోవద్దు, తిండి మొదలయ్యాక మారుతుంది. కింది పెదవి, గడ్డం తిమ్మిరిగా ఉండటం వల్ల నవ్వు కొంతకాలం మీది కానట్టు అనిపిస్తుంది. స్పర్శ చాలామందికి నెలల మీద తిరిగొస్తుంది, కొందరికి కొద్దిపాటి తిమ్మిరి మిగిలిపోతుంది. ఈ విషయం సర్జన్ దగ్గర వివరంగా అడిగి తెలుసుకోండి, బొమ్మ కన్నా ఇది తక్కువ ముఖ్యమైనదేమీ కాదు.

క్లిప్పులు కూడా సర్జరీ తర్వాత కొన్ని నెలలు ఉంటాయి. అందుకని పెళ్ళి ముహూర్తం సర్జరీకి కనీసం 6 నెలల అవతల పెట్టుకోండి, వీలైతే 9 నెలలు. సంబంధాలకి పంపే ఫోటో గురించి కూడా ఒక మాట. కంప్యూటర్ బొమ్మని మాత్రం ఎవరికీ పంపకండి, ఇంట్లోవాళ్ళ ఫోన్లలోకి కూడా వెళ్ళనివ్వకండి. అది మీకూ డాక్టరుకీ మధ్య మాట్లాడుకోవడానికి గీసుకున్నది. ఒక తల్లి ఆ బొమ్మ చూసి "నా పిల్లలా లేదండీ" అని ఏడవడం చూశాను. సర్జరీ తర్వాత పిల్ల బాగుంది, ఆమె పిల్లలాగే ఉంది. ఫోటోలో చర్మం సాగదీసినందువల్ల వచ్చిన పరాయితనం అది.

కుదురుకున్నాక మళ్ళీ వెనక్కి మారుతుందా అంటే, ఏ కదలిక ఎంత నిలుస్తుందో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ప్రాఫిట్, ఆయన సహచరులు ఏళ్ళ తరబడి పేషెంట్లని చూసి 1996లో ఒక వరుస ప్రచురించారు. పై దవడ పైకి పోవడం అన్నిటికన్నా బాగా నిలుస్తుంది. పై దవడ ముందుకు రావడం కూడా బాగానే నిలుస్తుంది. కింది దవడ ఒక్కటే వెనక్కి పెడితే కొంత ముందుకు జారే అవకాశం ఎక్కువ. రెండూ కలిపి చేస్తే దానికన్నా నయం. మీ ప్రణాళికకి ఇది కూడా అనుకూలమే. మీకు 24 కాబట్టి దవడ పెరుగుదల గురించి బెంగ లేదు. ఇదే సమస్య ఉన్న 16, 17 ఏళ్ళ అబ్బాయిలు మాత్రం తొందరపడకండి. కింది దవడ ఆలస్యంగా పెరిగి చేసిన పనంతా పాడుచేస్తుంది. నెలల తేడాతో తీసిన రెండు ఎక్స్‌రేల్లో పెరుగుదల ఆగిందని చూసుకున్నాకే ముందుకెళ్ళాలి.

పోల్చుకోవడానికి ఫోటోలు తీసుకుంటే సెల్ఫీలు వద్దమ్మా. ఫోన్ దగ్గరగా పెడితే ముక్కు పెద్దగా, చెవులు చిన్నగా పడతాయి, దవడ ఎంత మారిందో దాన్ని బట్టి తేలదు. మనిషితో ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి, అదే గోడ ముందు, అదే వెలుతురులో, నెలకోసారి తీయించుకోండి, ఎదురుగా ఒకటి, నవ్వుతూ ఒకటి, రెండు పక్కల నుంచి ఒక్కోటి.

గడ్డం ఎముకని విడిగా సరిచేయడం, అంటే జీనియోప్లాస్టీ, మీ ప్రణాళికలో ఉందో లేదో రాయలేదు. కింది దవడ వెనక్కి పోయాక గడ్డం చప్పబడేలా ఉంటే అదే ఆపరేషన్‌లో చేసేయొచ్చు, దానికి అంచనా కూడా బాగా నిలబడుతుంది. అనుమానం ఉంటే అది లేకుండా ఒక బొమ్మ, ఉంటే ఒక బొమ్మ గీయించుకుని చూడండి. ముక్కుకి సర్జరీ చేయించుకోవాలా వద్దా అన్నది మాత్రం ఇప్పుడు తేల్చకండి. పై దవడ కదిలాక ముక్కు ఆకారం ఎలాగూ మారుతుంది. వాపు పూర్తిగా పోయి ఏడాది ఎక్స్‌రే తీశాక, అప్పటికీ మీకు కావాలనిపిస్తే అప్పుడు అడగండి.

ఎక్స్‌రే కొలతల కాగితం మీ దగ్గర ఉంటే పేరు, ఫోన్ నంబరు కనబడకుండా కొట్టేసి ఇక్కడ పెట్టండి. పెదవి మందం, పెదవి వెనక ఖాళీ చూసి మీ పెదవులు ఆ రెండు బొమ్మల్లో దేనికి దగ్గరగా రావచ్చో ఇంకొంచెం దగ్గరగా చెప్పగలను.